డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేసే ముందు: మార్పులు చేసిన కారుకు ఇగ్నిషన్ టైమింగ్ సరిచూసుకోవడం ఎలా

పెన్నా వంతెన ఎక్కుతుంటే, మూడో గేరులో యాక్సిలరేటర్ తొక్కగానే, బానెట్ కింద రేకు డబ్బాలో గోళీలు పోసి ఆడించినట్టు చప్పుడు వస్తుందనుకోండి. షెడ్డుకు తీసుకుపోతే మెకానిక్ మొదట చేసే పని డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వరసగా కరెంటు పంచే భాగం) బోల్టు వదులు చేయడం. చెవి పెట్టి వింటూ కాస్త ఇటు తిప్పి, "ఇప్పుడు చూడన్నా, పోయింది" అంటాడు. నిజమే, చప్పుడు పోతుంది. దాంతోపాటు పికప్పూ పోతుంది. వారం తిరిగేసరికి బండి హీటెక్కడం మొదలవుతుంది, రేడియేటర్ మీద అనుమానం వస్తుంది, దానికో ఖర్చు.

కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే ఉన్న బండికి చెవితో టైమింగ్ (ప్లగ్గులో స్పార్క్ ఏ క్షణంలో రావాలన్నది) పెట్టినా చాలామటుకు చెల్లుతుంది. హెడ్డు ఫేసింగ్ కొట్టించి (అడుగు కోయించి చదును చేయించి), పెద్ద కార్బురేటర్ బిగించి, ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేసి, రెండు మూడు పాత ఇంజన్ల సామాను కలిపి కట్టిన బండికి చెల్లదు. ఆ బండిలో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పుల్లీ మీది గుర్తు నిజం చెబుతోందో లేదో కూడా మనకు తెలియదు కాబట్టి. అందుకే ఇక్కడ చెప్పే క్రమంలో డిస్ట్రిబ్యూటర్ తిప్పడం చివర్లో వస్తుంది.

ఇది కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్ ఉన్న బళ్ళకు: పాత మారుతి 800, కార్బురేటర్ జిప్సీ, పద్మిని, అంబాసిడర్ లాంటివి. టైమింగును కంప్యూటర్ చూసుకునే ఎంపీఎఫ్ఐ బండికి దారి వేరు. ఇంకో మాట. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడాగా చేసే మార్పులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తాయి. ఇంజన్ మార్చినా, గ్యాస్ కిట్ పెట్టినా ఆర్‌సీలో ఎక్కించుకోండి. బీమా దగ్గర తర్వాత తల పట్టుకోకుండా ఉంటుంది.

ముందు బండి ఏం చెబుతోందో వినండి

స్పార్క్ రావలసినదానికంటే ముందు వస్తే అది అడ్వాన్స్ ఎక్కువైనట్టు. లోడు మీద నాకింగ్, అంటే ఆ గోళీల చప్పుడు, వస్తుంది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొడితే, ఎవరో వెనక్కి లాగుతున్నట్టు ఆగి ఆగి తిరుగుతుంది. ఆలస్యంగా వస్తే రిటార్డ్. అప్పుడు చప్పుడేమీ ఉండదు, కానీ బండి బరువుగా కదులుతుంది, పెట్రోలు తాగుతుంది, సైలెన్సర్ మానిఫోల్డ్ విపరీతంగా కాలుతుంది. సిలిండర్లో కాలాల్సిన మంట బయటికి పోయే దారిలో కూడా కాలుతూ ఉంటుంది మరి. నాకింగ్ చెవికి వినిపిస్తుంది కాబట్టి అందరికీ దాని మీదే భయం. రిటార్డ్ అయిన బండిని మాత్రం నెలల తరబడి అలాగే తోలుతుంటారు.

అసలు అడ్వాన్స్ ఎందుకో ఒక్క లెక్కలో చెప్పుకుందాం. పెట్రోలు ఆవిరి అంటుకున్న క్షణంలోనే పేలిపోదు, కాలడానికి కొంత సమయం పడుతుంది. పిస్టన్ పైకి చేరి కిందికి దిగడం మొదలుపెట్టాక, క్రాంక్ 15 డిగ్రీలు తిరిగిన ప్రాంతంలో మంట ఒత్తిడి గరిష్ఠానికి చేరితే తోపు బాగుంటుంది. 800 ఆర్‌పీఎం దగ్గర సెకనులో వెయ్యోవంతులో క్రాంక్ తిరిగేది 5 డిగ్రీల లోపే. 3000 దగ్గర అదే సమయంలో 18 డిగ్రీలు తిరుగుతుంది. కాలే సమయం అంతగా తగ్గదు గనక, స్పీడు పెరిగేకొద్దీ స్పార్క్ ముందుకు జరగాలి. డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు, స్ప్రింగులు చేసే పని ఇదే. లోడు లేకుండా మెల్లగా పోతున్నప్పుడు సిలిండర్లోకి వెళ్ళే మిశ్రమం తక్కువ, అది ఇంకా నిదానంగా కాలుతుంది. అప్పుడు పక్కనున్న వాక్యూమ్ డబ్బా ఇంకొంచెం అడ్వాన్స్ కలుపుతుంది.

కాబట్టి టైమింగ్ అంటే ఒక అంకె కాదు, మూడు: స్లో స్పీడులో ఉండేది, బరువులు కలిపేది, వాక్యూమ్ కలిపేది. చెవితో పెట్టినవాడు మొదటిదాన్ని జరిపి మిగతా రెండింటినీ గాలికి వదిలేస్తాడు.

సున్నా నిజమైన సున్నానా?

సున్నా అంటే ఫస్ట్ సిలిండర్ పిస్టన్ పూర్తిగా పైకి చేరిన చోటు, దాన్నే టీడీసీ అంటారు. ఓపిక పెట్టాల్సింది ఈ ఒక్క దశలోనే. టైమింగ్ లైటు (స్పార్క్ వచ్చినప్పుడల్లా మెరిసే లైటు) ఎంత ఖరీదైనదైనా, అది చూపేది పుల్లీ మీది గుర్తునే. గుర్తు అబద్ధమైతే మిగతా అంతా అబద్ధమే.

నా 800 సంగతి చెబుతాను. హెడ్డు ఫేసింగ్ కొట్టించి ఇంజన్ కట్టించిన తర్వాత, లైటు పెడితే గుర్తు సరిగ్గా ఉండాల్సినచోటే ఉండేది, రోడ్డెక్కితే నాకింగ్. రెండు నెలలు తిరిగాను. కాయిల్ మార్చారు, ప్లగ్గులు మార్చారు, పెట్రోలు బంకు మీద నెపం వేశారు. చివరికి తేలింది ఏమిటంటే, ఇంజన్ కట్టినప్పుడు అంచు విరిగిన నా పుల్లీ బదులు పాత సామానులోంచి వేరేది బిగించారు. దాని మీది గుర్తు 8 డిగ్రీలు పక్కకుంది. లైటులో చూసి సరిగ్గా పెట్టానని నేననుకున్న ప్రతిసారీ బండి 8 డిగ్రీలు ఎక్కువ అడ్వాన్స్‌తో తిరిగింది. బిగించినాయన్ని అడిగితే "పుల్లీదేముందన్నా, అన్నీ ఒకటే" అన్నాడు. కొన్ని బళ్ళలో పుల్లీ రెండు ముక్కలుగా ఉండి మధ్యలో రబ్బరు ఉంటుంది. ఆ రబ్బరు పాతబడితే బయటి రింగు జారుతుంది, గుర్తూ దాంతోపాటు జరుగుతుంది. ఫ్లైవీల్ మీద గుర్తుండి బెల్ హౌసింగ్ కన్నంలోంచి చూసే బళ్ళలో ఈ బాధ తక్కువ, కానీ ఫ్లైవీల్ మార్చి ఉంటే అదీ నమ్మకూడదు.

సరిచూడటం ఇలా. తాళం చెవి తీసి పక్కన పెట్టండి, బ్యాటరీ నెగెటివ్ విప్పండి. ప్లగ్గులన్నీ తీసేయండి. ఒక పాత ప్లగ్గు తీసుకొని పింగాణీ అంతా కొట్టేసి, ఉత్త లోహపు గుల్లలో ఒక బోల్టు బిగించండి. బోల్టు కొన గుండ్రంగా అరగదీయాలి, లేకపోతే పిస్టన్ మీద గీత పడుతుంది. ఆటోనగర్‌లో ఏ లేతు దగ్గరైనా పది నిమిషాల పని. ఫస్ట్ సిలిండర్ పిస్టన్ కాస్త కిందికి ఉండగా దీన్ని ప్లగ్గు కన్నంలో బిగించండి.

ఇప్పుడు క్రాంక్ బోల్టుకు పానా వేసి చేత్తో మెల్లగా తిప్పండి. పిస్టన్ వచ్చి బోల్టుకు ఆనుతుంది, ఇంక కదలదు. బలం పెట్టకండి. కవరు మీదున్న సున్నా గీతకు ఎదురుగా పుల్లీ మీద వైట్‌నర్‌తో ఒక చుక్క పెట్టండి. ఇప్పుడు వెనక్కి తిప్పండి, దాదాపు చుట్టంతా తిరిగి అవతలి వైపు నుంచి మళ్ళీ ఆనుతుంది. అక్కడ ఇంకో చుక్క. రెండు చుక్కల మధ్య దగ్గరి దూరాన్ని కొలిచి సగం చేస్తే, ఆ మధ్య బిందువే అసలు టీడీసీ. వెనక్కి తిప్పేటప్పుడు క్రాంక్ బోల్టే వదులయ్యేట్టుంటే, టాప్ గేరులో వేసి బండిని ముందుకూ వెనక్కూ మెల్లగా తోయించండి, పని అదే అవుతుంది. ఈ బోల్టు బిగించి ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు. పిస్టన్ పగులుతుంది.

పాత గుర్తు, మీరు కనిపెట్టిన గుర్తు ఒకటే అయితే మంచిది, గంట పోయినా నిశ్చింత మిగిలింది. తేడా ఉంటే పాతదాన్ని నల్ల పెయింటుతో కప్పేయండి. లేకపోతే రేపు ఇంకొకరు దాన్నే చూసి పెడతారు.

డిగ్రీల గుర్తులు మీరే వేసుకోవచ్చు. పుల్లీ అడ్డుకొలతను 3.14తో గుణించి 360తో భాగిస్తే, ఒక డిగ్రీకి ఎన్ని మిల్లీమీటర్లో తెలుస్తుంది. 130 మిల్లీమీటర్ల పుల్లీ అయితే చుట్టుకొలత 408, డిగ్రీకి 1.13. అంటే 10 డిగ్రీల గుర్తు సున్నాకు 11.3 మిల్లీమీటర్ల దూరంలో, 30 డిగ్రీలది 34 మిల్లీమీటర్ల దూరంలో. కాగితం పట్టీ మీద గీసి పుల్లీ చుట్టూ అతికించుకుంటే సరి. ఏ వైపు కొలవాలో తడబడకండి: ఇంజన్ తిరిగేటప్పుడు కవరు గీతను సున్నా కంటే ముందుగా దాటే వైపు అడ్వాన్స్.

బెల్టు, ఫేసింగ్ కొట్టించిన హెడ్డు

సున్నా తేలాక, క్రాంక్‌ను అక్కడ ఉంచి క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) పుల్లీ గుర్తు చూడండి. క్రాంక్ పళ్ళచక్రానికి 20 పళ్ళుంటే, ఈ రెండింటినీ కలిపే బెల్టు ఒక పన్ను తప్పడమంటే 18 డిగ్రీలు తప్పడమే. అలాంటి బండికి డిస్ట్రిబ్యూటర్ ఎంత తిప్పినా ప్రాణం రాదు.

హెడ్డు ఫేసింగ్ కొట్టిస్తే కంప్రెషన్ పెరుగుతుందని అందరికీ తెలుసు. క్యామ్ హెడ్డులోనే ఉన్న ఇంజన్లలో దానికి ఇంకో పర్యవసానం ఉంది. హెడ్డు కిందికి దిగిన కొద్దీ క్యామ్‌కూ క్రాంక్‌కూ దూరం తగ్గి, క్యామ్ కొద్దిగా వెనకబడుతుంది. డిస్ట్రిబ్యూటర్ క్యామ్ నుంచే తిరుగుతుంటే స్పార్క్ కూడా దాంతోపాటు వెనకబడుతుంది. అందుకే ఇంజన్ కట్టాక డిస్ట్రిబ్యూటర్‌ను పాత గీతకే బిగించి "కదపలేదన్నా" అంటే టైమింగ్ కదలలేదని కాదు. మరో వైపు, కంప్రెషన్ పెరిగిన ఇంజన్లో మిశ్రమం వేగంగా కాలుతుంది, కాబట్టి మొత్తం అడ్వాన్స్ మునుపటికంటే కాస్త తక్కువే కావాలి. కంపెనీ పుస్తకంలోని అంకె మీ బండికి బయలుదేరే చోటు మాత్రమే.

డిస్ట్రిబ్యూటర్ ఒంట్లో బాగుందా

క్యాప్ తీసి, రోటార్ (లోపల తిరిగే ముక్క) షాఫ్టును వేళ్ళతో పట్టుకొని పక్కలకు ఊపండి. కొట్టుకుంటుంటే బుష్ అరిగింది. అలాంటిదానికి ఎన్నిసార్లు టైమింగ్ పెట్టినా నిలవదు. రోటార్‌ను అది తిరిగే వైపు కాస్త తిప్పి వదిలితే స్ప్రింగు లాగినట్టు వెనక్కి రావాలి. రాకపోతే బరువులు తుప్పు పట్టి ఇరుక్కున్నాయి. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్ళ ముందు నెలల తరబడి కదలకుండా ఉన్న బళ్ళలో దీన్ని ముందు చూడండి. కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, ఒక్క చుక్క పల్చటి నూనె వేస్తే చాలు. స్ప్రింగు సాగిపోయి ఉంటే అడ్వాన్స్ తొందరగా వచ్చేస్తుంది, అదీ నాకింగే.

వాక్యూమ్ డబ్బా గొట్టం ఊడదీసి నోటితో పీల్చండి. లోపలి ప్లేటు కదిలి, నాలుకతో మూసి ఉంచినంతసేపూ అక్కడే ఉండాలి. గాలి అలా వచ్చేస్తుంటే డయాఫ్రమ్ చిరిగింది. ఇది కేవలం అడ్వాన్స్ పోవడం కాదు, ఆ చిరుగు గుండా ఇంజన్‌లోకి ఎక్స్‌ట్రా గాలి కూడా పోతుంటుంది.

పాయింట్లు (తెరుచుకున్నప్పుడల్లా స్పార్క్ పుట్టించేవి) ఉన్న బండికి పాయింటు గ్యాపు ముందు, టైమింగ్ తర్వాత. గ్యాపు పెంచితే పాయింటు ముందుగా తెరుచుకొని టైమింగ్ అడ్వాన్స్ అవుతుంది. తారుమారుగా చేస్తే చేసిన పని మళ్ళీ చేయాలి.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకున్నవాళ్ళకు ఒక హెచ్చరిక. అయస్కాంతపు పికప్ కాయిల్ ఉన్న డిస్ట్రిబ్యూటర్‌కు రెండు వైర్లొస్తాయి. అవి అటూ ఇటూ మారినా బండి స్టార్ట్ అవుతుంది, స్లో స్పీడు కూడా బాగానే ఉంటుంది. రేజ్ చేస్తే మాత్రం గుర్తు చెదిరిపోతుంది, స్పీడు పెరిగేకొద్దీ టైమింగ్ వెనక్కి జారుతుంది. బరువులు కలిపే అడ్వాన్స్‌ను ఇది తినేస్తుంది. డిస్ట్రిబ్యూటర్ మార్చేముందు ఆ రెండు వైర్లు మార్చి చూడండి, ఖర్చు సున్నా.

ఇప్పుడు లైటు

ఇంజన్‌ను మామూలు వేడికి రానివ్వండి. వాక్యూమ్ గొట్టం ఊడదీసి, ఇంజన్ వైపు కొసను ఒక స్క్రూతో మూసేయండి. స్లో స్పీడు 800, 850 మధ్య ఉండాలి. 1200 దగ్గర ఉంటే అప్పటికే బరువులు తెరుచుకొని ఉంటాయి, మీరు చూసేది అసలు అంకె కాదు. లైటు క్లిప్పు ఫస్ట్ సిలిండర్ ప్లగ్ వైరుకు, దాని మీది బాణం ప్లగ్గు వైపు ఉండేట్టు, పక్క వైర్లకు తగలకుండా పెట్టండి. ఒక స్పార్క్‌కు బదులు వరసగా మూడు నాలుగు ఇచ్చే ఇగ్నిషన్ బాక్సు ఉంటే, డయల్ తిప్పి చూసే లైట్లు తప్పు చూపించవచ్చు. మామూలు లైటు, మీరు అతికించిన కాగితం పట్టీ దానికంటే నమ్మకం.

లైటు వెలుగులో పుల్లీ ఆగిపోయినట్టు కనిపిస్తుంది. బెల్టుతో తిరిగే ఫ్యాను ఉన్న పద్మిని, అంబాసిడర్లలో ఫ్యాను రెక్కలు కూడా కదలనట్టే కనిపించవచ్చు. అవి తిరుగుతూనే ఉంటాయి. మెడలో తువ్వాలు, వదులు చేతుల చొక్కా తీసేసి రండి.

గుర్తు నిలకడగా ఉంటే అంకె రాసుకోండి. నాలుగైదు డిగ్రీలు అటూ ఇటూ దూకుతుంటే, బుష్షో బెల్టు వదులో పికప్పో, మళ్ళీ వెనక్కి వెళ్ళి చూడాలి. దూకే గుర్తుకు "సగటున" టైమింగ్ పెట్టడం దండగ.

తర్వాత ఇంకొకరిని యాక్సిలరేటర్ మీద కూర్చోబెట్టి మెల్లగా పెంచమనండి. 1500, 2000, 2500, 3000, 3500 దగ్గర అంకెలు రాసుకోండి. గుర్తు సాఫీగా పైకెక్కి ఒకచోట ఆగాలి. అక్కడి అంకె మొత్తం అడ్వాన్స్. ఉదాహరణకు స్లోలో 8, పైన 30 అయితే బరువులు కలిపింది 22. డిస్ట్రిబ్యూటర్ లోపల ఎక్కడైనా 11 అని చెక్కి ఉంటే కంగారుపడకండి. డిస్ట్రిబ్యూటర్ ఒక చుట్టు తిరిగితే క్రాంక్ రెండు చుట్లు తిరుగుతుంది, కాబట్టి అక్కడి 11 ఇక్కడి 22.

పెద్ద క్యామ్ వేసిన బళ్ళకు స్లోలో ఎక్కువ అడ్వాన్స్ కావాలి, పైన మాత్రం మునుపటంతే చాలు. డిస్ట్రిబ్యూటర్ తిప్పితే రెండూ కలిసి పెరుగుతాయి, పైన నాకింగ్ వస్తుంది. అలాంటప్పుడు బరువులు తెరుచుకునే హద్దును తగ్గించాలి. ఇది తెలిసినవాళ్ళ చేత చేయించాల్సిన పని, ఇంట్లో ఆకురాయితో మొదలుపెట్టకండి.

ఇప్పుడు బోల్టు వదులు చేయవచ్చు. రోటార్ తిరిగే దిక్కుకు ఎదురుగా డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పితే అడ్వాన్స్, అదే దిక్కున తిప్పితే రిటార్డ్. ఒక్కసారికి 2 డిగ్రీలు మించకండి. బిగించాక మళ్ళీ లైటు పెట్టి చూడండి, బిగించేటప్పుడు జరగడం దాని అలవాటు.

రోడ్డు మీద

పరీక్ష ఏ వేళ చేస్తారన్నది ముఖ్యం. డిసెంబరు పొద్దున జొన్నవాడ రోడ్డు మీద సరిచేసిన బండి, రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి ఏసీ వేసుకొని నలుగురితో కావలి పోతుంటే వేరే బండి. లోపలికి వెళ్ళే గాలి ఎంత వేడెక్కితే నాకింగ్ అంత దగ్గరవుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం, బండి బాగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో తక్కువ స్పీడు నుంచి పూర్తిగా తొక్కి చూడండి. చప్పుడొస్తే వెంటనే కాలు తీసేసి 2 డిగ్రీలు తగ్గించండి. అసలు రాకపోతే 2 పెంచి పికప్ చూడండి. పెంచినా పికప్‌లో తేడా తెలియకపోతే వెనక్కి వచ్చేయండి, ఆ పెంచినదాంతో ఇంజన్‌కు ఒరిగేదేమీ లేదు.

గ్యాస్ కిట్ ఉన్న బండికి గ్యాస్ మీద పెట్టి సరిచేయకండి. ఎల్‌పీజీ నాకింగ్‌ను బాగా తట్టుకుంటుంది, కాస్త అడ్వాన్స్ ఎక్కువైనా హాయిగా పోతుంది. సీఎన్‌జీ ఇంకా నయం. అదే టైమింగ్‌తో పెట్రోలుకు మార్చగానే గోళీలు మొదలవుతాయి. పెట్రోలు మీదే హద్దు చూడండి.

టైమింగ్ అంకెలన్నీ సరిగ్గా ఉండి ఇంకా నాకింగ్ ఉంటే, దోషం టైమింగ్‌ది కాదు. కార్బురేటర్ జెట్ (పెట్రోలు వచ్చే సన్న కన్నం) చిన్నదై గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అయిందేమో చూడండి. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు విషయంలో ఒక తిరకాసుంది. ఇథనాల్ నాకింగ్‌ను తట్టుకుంటుంది, అది మంచిదే. కానీ అందులో ఆక్సిజన్ ఉండటం వల్ల, ఉత్త పెట్రోలుకు లెక్కగట్టిన పాత జెట్ ఏడెనిమిది శాతం లీన్ (పెట్రోలు తక్కువ) అయినట్టే. ఫ్రీ ఫ్లో సైలెన్సర్ దానికి తోడైతే ఇంకొంచెం. జెట్ ఒక సైజు పెంచితే టైమింగ్ ముట్టుకోకుండానే చప్పుడు పోయిన బళ్ళున్నాయి. పాత రబ్బరు గొట్టాలు కూడా ఓసారి చూడండి, ఇథనాల్‌కు అవి ఉబ్బి పగులుతాయి.

ప్లగ్గు విప్పి భూతద్దంతో తెల్ల పింగాణీ చూడండి. మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలో, మెరిసే వెండి రవ్వలో ఉంటే నాకింగ్ మీ చెవికి వినపడకుండా జరుగుతోంది. ఫ్రీ ఫ్లో సైలెన్సర్ మోతలో అది వినపడకపోవడం మామూలే. ఆ వెండి రవ్వ పిస్టన్ అల్యూమినియం. ఆ రోజు బండి తోలకండి.

అంతా కుదిరాక డిస్ట్రిబ్యూటర్ మెడ మీదా హెడ్డు మీదా కలిసేలా తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. మూసిన వాక్యూమ్ గొట్టం మళ్ళీ తగిలించండి, సగం మంది మరిచిపోయేది ఇదే. స్లో స్పీడు అంకె, మొత్తం అడ్వాన్స్, ఆ రోజు పోసిన పెట్రోలు, జెట్ సైజు, తారీఖు ఒక కాగితం మీద రాసి, బానెట్ లోపలివైపు టేపుతో అతికించండి. తర్వాతిసారి షెడ్డులో ఎవరైనా బోల్టు మీద పానా వేస్తే, ముందు ఆ కాగితం చదవమనండి.